ఎస్‌వీజీ డాక్యుమెంట్ క్యాష్ లో పెట్టి పది థ్రెడ్లతో గీయిస్తున్నారా, ముందు ఇది చూడండి

ఎర్రగా రావాల్సిన ఐకాన్ నీలంగా వచ్చింది. రోజూ కాదు, వారానికి ఒకట్రెండు సార్లు, అదీ ట్రాఫిక్ ఎక్కువున్నప్పుడే, మళ్ళీ రిఫ్రెష్ కొడితే ఏమీ ఎరగనట్టు బుద్ధిగా ఎర్రగా వచ్చేస్తుంది. మొదట సీఎస్‌ఎస్ లో తప్పనుకున్నా, తర్వాత బ్రౌజర్ క్యాష్ అనుకున్నా, అదీ కాదని తేలడానికి రెండ్రోజులు పట్టింది. మేం రాసుకున్నది చిన్న సర్వీస్, ఒక ఎస్‌వీజీ ఫైల్ (బొమ్మని గీతలు, రంగుల వర్ణనగా రాసుకున్న టెక్స్ట్ ఫైల్) తీసుకుని అడిగిన రంగులో అడిగిన సైజులో పీఎన్‌జీ (మామూలు పిక్సెల్ బొమ్మ) చేసి ఇస్తుంది, అంతే. ప్రతిసారీ ఫైల్ ని పార్స్ చేయడం, అంటే చదివి ప్రోగ్రామ్ వాడుకునే ఆబ్జెక్టులుగా మార్చడం, దండగ కదా అని పార్స్ అయిన డాక్యుమెంట్ ని తీసుకెళ్ళి డిక్షనరీలో పెట్టా, అదే మా క్యాష్. ఆ డిక్షనరీ కూడా మామూలుది కాదు, థ్రెడ్ సేఫ్ దే, అంటే చాలా థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్ లో పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి వాడినా చెడిపోనిదే, ఏరి మరీ వాడా, ఇంక భయమేముంది అనుకున్నా. సరిగ్గా అక్కడే బోల్తా పడ్డా.

డిక్షనరీ థ్రెడ్ సేఫ్ అయితే దాంట్లో ఉన్న వస్తువు కూడా థ్రెడ్ సేఫ్ అయిపోదు. బీరువా తలుపు ఒక్కొక్కళ్ళే తెరిచేలా కట్టుదిట్టం చేశాం సరే, బయటికి తీసిన ఒకే చొక్కాలో ఇద్దరు చెరో చెయ్యి దూరిస్తే బీరువా ఏం చేస్తుంది పాపం.

జరిగింది ఇదీ, వరసగా:

మొదటి థ్రెడ్ క్యాష్ లోంచి డాక్యుమెంట్ తీసింది, ఫిల్ ని, అంటే లోపల నింపే రంగుని, ఎరుపు చేసింది.
రెండో థ్రెడ్ కూడా అదే డాక్యుమెంట్ తీసింది, ఫిల్ ని నీలం చేసింది.
మొదటి థ్రెడ్ డ్రా పిలిచింది, నీలం బొమ్మ వచ్చింది.
రెండో థ్రెడ్ డ్రా పిలిచింది, దానికీ నీలమే వచ్చింది.

రెండో దానికి కావాల్సింది వచ్చింది కాబట్టి ఎవరూ కంప్లైంట్ చేయరు, మొదటి వాడికి మాత్రం తలనొప్పి. అప్పటికి మా దగ్గర అవుట్‌పుట్ క్యాష్ లేదు కాబట్టి రిఫ్రెష్ తో పోయింది, ఉండుంటే ఆ నీలం బొమ్మ ఎరుపు అనే కీ కింద సెటిలైపోయి, క్యాష్ ఖాళీ చేసేదాకా అందరికీ నీలమే వెళ్ళేది.

రంగు మార్చకపోతే సరిపోతుందా?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "నేను రంగు మార్చట్లేదు, ఊరికే గీయిస్తున్నా, గీయడం అంటే చదవడమే కదా, ఎంతమంది చదివితే ఏం" అంటారు. నేనూ అదే అన్నా. కాదండీ, గీయడం పైకి చదవడంలా కనిపిస్తుంది గానీ లోపల బోలెడు రాస్తుంది.

ఉదాహరణకి డాట్‌నెట్ లో వాడే ఎస్‌వీజీ డాట్ నెట్ లైబ్రరీ తీసుకోండి. దాంట్లో ప్రతి షేప్ తన గ్రాఫిక్స్ పాత్ ని (గీయాల్సిన గీతల వరసని) పార్స్ చేసేటప్పుడే కట్టుకోదు, మొదటిసారి గీసేటప్పుడు కట్టుకుని తన దగ్గరే దాచుకుంటుంది, పక్కనే డర్టీ అనే ఫ్లాగ్ ఒకటి ఉంటుంది, ఫ్లాగ్ ఆన్ లో ఉంటే మళ్ళీ కడుతుంది. ఇప్పుడు రెండు థ్రెడ్లు ఒకేసారి మొదటిసారి గీశాయనుకోండి, ఒకటి పాత్ ని సగం కట్టేసరికి ఇంకోటి ఆ సగం పాత్ నే తీసుకుని గీసేస్తుంది, బొమ్మలో ఒక గీత మాయం. ఎర్రర్ రాదు, లాగ్ లో ఏమీ ఉండదు, బొమ్మ మాత్రం చెవి తెగిన పిల్లిలా వస్తుంది.

ఒక్కోసారి అదృష్టం బాగుండి ఎర్రర్ వస్తుంది కూడా. విండోస్ లో బొమ్మలు గీసే లైబ్రరీ జీడీఐ ప్లస్ తన బిట్‌మ్యాప్ (పిక్సెల్స్ గా ఉన్న బొమ్మ), గ్రాఫిక్స్ ఆబ్జెక్టుల్ని ఒక థ్రెడ్ వాడుతుండగా ఇంకోటి ముట్టుకుంటే "ఆబ్జెక్ట్ ఈజ్ కరెంట్లీ ఇన్ యూజ్ ఎల్స్‌వేర్" అని ఎక్సెప్షన్ పడేస్తుంది, అది బిట్‌మ్యాప్ వెడల్పు ఎంత అని అడిగినా రావచ్చు. వెడల్పు అడగడం కూడా తప్పేనా అని విసుక్కుంటాం గానీ, నన్నడిగితే ఆ ఎక్సెప్షన్ వచ్చినవాళ్ళు అదృష్టవంతులు, బగ్ ఉందని తెలిసింది కదా.

జావా వాళ్ళకి ఇంకో చోట పొంచి ఉంటుంది. జెర్సెస్ పార్సర్ కట్టే డామ్ ట్రీ (ఫైల్ లోని భాగాలన్నీ నోడ్లుగా ఉండే చెట్టు) డీఫాల్ట్ గా డిఫర్డ్ మోడ్ లో ఉంటుంది, అంటే నోడ్లన్నీ ముందే తయారైపోవు, మీరు ఆ కొమ్మ దాకా నడిచినప్పుడు అప్పటికప్పుడు తయారవుతాయి. అంటే ఒట్టిగా చైల్డ్ నోడ్ ఏంటని అడిగితే చాలు లోపల రాయడం జరుగుతుంది. అందుకే ఆ డామ్ ని చదవడానికైనా సరే లాక్ (ఒకసారి ఒక థ్రెడ్డే లోపలికి వెళ్ళేలా వేసే తాళం) లేకుండా రెండు థ్రెడ్లకి ఇవ్వకూడదు.

ఇవి కాక స్టైల్ లెక్కలు, బౌండింగ్ బాక్స్, గ్రేడియంట్ ఇంకో గ్రేడియంట్ ని రెఫర్ చేస్తే ఆ లింక్ వెతికి దాచుకోవడం, యూజ్ ఎలిమెంట్ గీసేటప్పుడు దాని పేరెంట్ ని తాత్కాలికంగా మార్చి మళ్ళీ వెనక్కి పెట్టడం, ఇలాంటివన్నీ రకరకాల లైబ్రరీల్లో రకరకాలుగా ఉంటాయి. డాక్యుమెంటేషన్ లో థ్రెడ్ సేఫ్ అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప కాదు అనే అనుకోండి. ఏమీ రాయలేదంటే కాదనే అర్థం.

"ముందే ఒకసారి గీసేసి ఆ తర్వాత షేర్ చేస్తే లేజీ పనులన్నీ, అంటే అవసరం వచ్చేదాకా వాయిదా వేసినవన్నీ, అయిపోతాయి కదా" అనే చిట్కా కూడా ఒకటి తిరుగుతుంటుంది. కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా, అదే దాంతో వచ్చిన చిక్కు. సైజ్ మారితే మళ్ళీ డర్టీ అవుతుందా, శాతాల్లో ఇచ్చిన వెడల్పులు మళ్ళీ లెక్కేస్తుందా అన్నది లైబ్రరీ వెర్షన్ ని బట్టి ఉంటుంది, ఈ వెర్షన్ లో నడిచింది వచ్చే అప్‌డేట్ లో నడవకపోతే మళ్ళీ మొదటికే. నేనైతే దాన్ని నమ్మను.

అసలు ఏది దాచాలి

నా మట్టుకు ఈ మొత్తం వ్యవహారంలో అసలు నిర్ణయం ఇదే, లాకులు గీకులు తర్వాత. దాచడానికి మూడు ఉన్నాయి. ఒక చివర ఫైల్ బైట్లు. మధ్యలో పార్స్ అయిన డాక్యుమెంట్. ఇంకో చివర గీసేసిన బొమ్మ, అంటే పిక్సెల్స్ లేదా పీఎన్‌జీ బైట్లు. మనం ఎప్పుడూ మధ్యదాని మీద పడతాం, ఎందుకంటే పార్సింగ్ ఖరీదైనది అని ఎవరో చెప్పారు. కానీ మూడింట్లో మారేది, ప్రమాదం ఉన్నది, అదొక్కటే. రెండు చివర్లూ మారని వస్తువులు. ఎవరూ రాయని బైట్ల అర్రేని వంద థ్రెడ్లు చదివినా ఏం కాదు.

కాబట్టి ఫస్ట్ చేయాల్సింది, డాక్యుమెంట్ క్యాష్ తీసేయండి. ఫైల్ బైట్లు మెమరీలో ఉంచండి, అడిగిన ప్రతిసారీ ఆ థ్రెడ్ తనకోసం తాను కొత్త డాక్యుమెంట్ పార్స్ చేసుకుని, రంగు మార్చుకుని, గీసుకుని, పీఎన్‌జీ బైట్లు క్యాష్ లో పెట్టి, డాక్యుమెంట్ ని పారేస్తుంది. డాక్యుమెంట్ ఆ ఫంక్షన్ దాటి బయటికి రాదు, లోకల్ వేరియబుల్ గానే పుట్టి లోకల్ గానే పోతుంది. ఐకాన్లకి, లోగోలకి ఇది చాలు, బొమ్మ క్యాష్ లో దొరికితే పార్సింగ్ అవసరమే రాదు, దొరక్కపోతే ఆ ఒక్కసారి పార్స్ అవుతుంది. మేం చివరికి చేసింది ఇదే, లాక్ ఒక్కటి కూడా లేదు, కోడ్ ముందుకంటే చిన్నదైంది. పార్సింగ్ కి మీ దగ్గర నిజంగా ఎంత పడుతుందో స్టాప్‌వాచ్ పెట్టి కొలవకుండా దాన్ని దాచాలని డిసైడ్ అవ్వకండి.

జావా వాళ్ళు పార్స్ చేసిపెట్టే డాక్యుమెంట్ బిల్డర్ ని కూడా షేర్ చేయొద్దు, అదీ థ్రెడ్ సేఫ్ కాదు. లిబ్ ఎక్స్‌ఎంఎల్ 2 వాడితే ప్రోగ్రామ్ మొదట్లోనే, ఇంకా వేరే థ్రెడ్లు పుట్టకముందే, మెయిన్ థ్రెడ్ నుంచి ఇనిట్ పార్సర్ ఫంక్షన్ ఒకసారి పిలవండి.

డాక్యుమెంట్ నే దాచక తప్పదు అంటే

పెద్ద మ్యాపులు, ఇంజనీరింగ్ డ్రాయింగులు, వేల కొద్దీ పాత్ లు ఉన్నవి, యూజర్ జూమ్ చేసిన ప్రతిసారీ కొత్త సైజులో గీయాల్సినవి, వీటికి ప్రతిసారీ పార్స్ చేయడం నిజంగానే బరువు. అప్పుడు మూడు దారులు.

తేలికైంది డాక్యుమెంట్ కొక లాక్. మొత్తం క్యాష్ కి ఒకే లాక్ కాదు, ఒక్కో డాక్యుమెంట్ కి దాని లాక్ దానికి. లాక్ లోపల ఏమేం ఉండాలో జాగ్రత్త, రంగు మార్చడం, గీయడం, మళ్ళీ పాత రంగు పెట్టడం, ఈ మూడూ ఒకే లాక్ లోపల. నేను చూసిన కోడ్ లో రంగు మార్చే చోట ఒక లాక్, గీసే చోట ఇంకో లాక్ ఉన్నాయి, రెండూ కరెక్టుగానే రాశారు, కానీ మధ్యలో లాక్ వదిలేశారు కదా, ఆ సందులోంచే ఇంకో థ్రెడ్ దూరిపోతుంది. పీఎన్‌జీగా ఎన్‌కోడ్ చేయడం మాత్రం బయట పెట్టొచ్చు, ఎందుకంటే అప్పటికి ఆ బిట్‌మ్యాప్ మీ థ్రెడ్ ఒక్కదానిదే. పాత రంగు పెట్టేది ఫైనల్లీ బ్లాక్ లో ఉండాలి, గీస్తుండగా ఎక్సెప్షన్ వస్తే డాక్యుమెంట్ ఎర్రగానే మిగిలిపోకుండా.

ఈ పద్ధతిలో డెడ్‌లాక్ ఎలా వస్తుందంటే, క్యాష్ లాక్ పట్టుకుని ఉండగా డాక్యుమెంట్ లాక్ అడుగుతారు, ఇంకో చోట డాక్యుమెంట్ లాక్ పట్టుకుని క్యాష్ ని అడుగుతారు, అంతే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. ఒక ఎస్‌వీజీ వేరే ఎస్‌వీజీ ఫైల్ ని లోపలికి లాక్కుంటుంటే ఇది ఇంకా తొందరగా వస్తుంది. బయటి ఫైళ్ళు ఏం కావాలో ముందే తెచ్చుకుని, ఆ తర్వాతే లాక్ పట్టండి. సీ షార్ప్ లో అవెయిట్ ని (పని అయ్యేదాకా థ్రెడ్ ని వదిలేసి ఆగడాన్ని) లాక్ లోపల రాయనివ్వదు, సెమఫోర్ స్లిమ్ అనే ఇంకోరకం తాళం వాడాలి, కానీ దాన్ని పట్టుకున్నవాడే మళ్ళీ పట్టుకోవాలని చూస్తే తనని తానే బ్లాక్ చేసుకుంటాడు, అది గుర్తుంచుకోండి.

రెండో దారి, ఎవరి కాపీ వాళ్ళకి. ఒక మాస్టర్ డాక్యుమెంట్ ఉంచండి, దాన్ని జన్మలో గీయొద్దు, రంగు మార్చొద్దు, దాంట్లోంచి కాపీలు మాత్రమే తీయండి, ఎస్‌వీజీ డాట్ నెట్ లో డీప్ కాపీ ఉంది. కాపీ తీయడం కూడా ఒకరకంగా మాస్టర్ ని చదవడమే కాబట్టి దానికి చిన్న లాక్ పెట్టండి, పోయేదేం లేదు. ప్రతి రిక్వెస్ట్ కీ కాపీ బరువనిపిస్తే నాలుగైదు కాపీల పూల్ పెట్టుకోండి, తీసుకోవడం, వాడటం, తిరిగివ్వడం. థ్రెడ్ లోకల్ లో, అంటే థ్రెడ్ కొక కాపీగా, పెట్టే అలవాటు చాలామందికి ఉంది, నాకైతే నచ్చదు, రెండొందల థ్రెడ్ల పూల్ ఉంటే రెండొందల కాపీలు పేరుకుపోతాయి, పైగా అసింక్ కోడ్ లో అవెయిట్ దాటాక మీరు ఇంకో థ్రెడ్ మీద తేలొచ్చు, అప్పుడు ముందు పట్టుకున్న కాపీ ఒక థ్రెడ్ ది, మీరు నడుస్తున్నది ఇంకో థ్రెడ్ లో, మళ్ళీ పాత కథే.

మూడోది, నాకు బాగా ఇష్టమైంది, గడ్డకట్టించడం. డాక్యుమెంట్ ని ఒకసారి గీత ఆదేశాల జాబితాగా మార్చేసి, ఇక మారని ఆ జాబితాని షేర్ చేయడం. డబ్ల్యూపీఎఫ్ లో డ్రాయింగ్ ఆబ్జెక్ట్ మీద ఫ్రీజ్ పిలిస్తే ఆ తర్వాత దాన్ని ఎవరూ మార్చలేరు, ఏ థ్రెడ్ అయినా వాడొచ్చు. స్కియా లో పిక్చర్ అనేది కూడా అంతే, రికార్డ్ చేశాక మారదు. రస్ట్ లో రీఎస్‌వీజీ వాళ్ళ ట్రీ అయితే పార్సింగ్ అయ్యేసరికే స్టైళ్ళు, లింకులు అన్నీ విప్పేసి మారని రూపంలో చేతికొస్తుంది, దాన్ని ఎన్ని థ్రెడ్లకైనా పంచుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు లైబ్రరీ ఎంచుకునేటప్పుడే ఇది చూసుకుంటే మిగతా సగం గోల ఉండదు. లిబ్ ఆర్‌ఎస్‌వీజీ వాడేవాళ్ళు మాత్రం ఒక హ్యాండిల్ ని ఒకేసారి రెండు థ్రెడ్లకి ఇవ్వకండి, ఎవరి హ్యాండిల్ వాళ్ళకి.

డెస్క్‌టాప్, మొబైల్ వాళ్ళకి రెండు మాటలు. క్యూటీ లో క్యూపిక్స్‌మ్యాప్ ని మెయిన్ థ్రెడ్ లోనే వాడాలి, వర్కర్ థ్రెడ్ లో గీయాలంటే క్యూఇమేజ్ మీద గీసి ఆ ఇమేజ్ ని మెయిన్ థ్రెడ్ కి పంపండి. క్యూపిక్స్‌మ్యాప్ క్యాష్ కూడా అంతే, వేరే థ్రెడ్ నుంచి పిలిస్తే పట్టించుకోదు. ఆండ్రాయిడ్ లో ఒకే రిసోర్స్ నుంచి వచ్చిన వెక్టర్ డ్రాయబుల్స్ అన్నీ లోపల ఒకే స్టేట్ ని పంచుకుంటాయి, ఒకదానికి టింట్ వేస్తే పక్క స్క్రీన్ లో ఉన్నది కూడా రంగు మారుతుంది, ముందు మ్యుటేట్ పిలిచి దాని స్టేట్ ని విడదీయాలి. దీంట్లో అసలు రెండో థ్రెడ్ కూడా లేదు చూడండి, షేరింగ్ ఒక్కటే సరిపోయింది. జావా బాటిక్ లో స్క్రీన్ మీద ఉన్న డాక్యుమెంట్ ని మార్చాలంటే అప్‌డేట్ మేనేజర్ క్యూ లోకి పని వేయాలి, మన థ్రెడ్ లోంచి నేరుగా డామ్ మీద చెయ్యి వేయకూడదు.

ఒకే బొమ్మని పదిమంది ఒకేసారి అడిగితే

క్యాష్ ఖాళీగా ఉంది, సర్వర్ ఇప్పుడే లేచింది, ఒకే లోగో కోసం యాభై రిక్వెస్టులు వచ్చాయి. యాభై థ్రెడ్లూ చూశాయి, లేదు, యాభై మందీ గీయడం మొదలుపెట్టారు. తప్పు బొమ్మ రాదు గానీ పని యాభై రెట్లు.

సీ షార్ప్ వాళ్ళు ఇక్కడ గెట్ ఆర్ యాడ్ ని (కీ ఉంటే ఇచ్చి, లేకపోతే తయారుచేయించి పెట్టేదాన్ని) నమ్ముకుంటారు. కాంకరెంట్ డిక్షనరీ ఆ తయారుచేసే ఫ్యాక్టరీ ఫంక్షన్ ని లాక్ బయట పిలుస్తుంది, అంటే ఒకే కీకి అది చాలాసార్లు నడవొచ్చు, చివరికి ఒక్కటే నిలుస్తుంది, మిగతావి గాల్లో కలుస్తాయి. ఆ గాల్లో కలిసినవి బిట్‌మ్యాపులైతే వాటిని డిస్పోజ్ చేసే, అంటే వాటి మెమరీ వదిలించే, దిక్కు కూడా ఉండదు. దీనికి మందు, బొమ్మని కాకుండా బొమ్మ తయారుచేసే లేజీ ని (మొదటిసారి అడిగినప్పుడే పని చేసే ఆబ్జెక్ట్ ని) డిక్షనరీలో పెట్టడం, అప్పుడు ఎంతమంది వచ్చినా ఒక్కళ్ళే గీస్తారు, మిగతావాళ్ళు ఆగుతారు. ఒక్క మెలిక ఉంది, లేజీ కి ఫంక్షన్ ఇచ్చి డీఫాల్ట్ మోడ్ లో వదిలేస్తే లోపల వచ్చిన ఎక్సెప్షన్ ని కూడా దాచుకుంటుంది, ఒకసారి ఫైల్ చదవలేకపోతే ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే ఎర్రర్ మొహాన కొడుతుంది. కాబట్టి ఫెయిల్ అయితే ఆ ఎంట్రీని తీసేయండి. తీసేటప్పుడు కూడా కీ ఒక్కటే చూసి తీయకుండా, నేను పెట్టిన లేజీ నే ఇంకా ఉందా అని చూసి తీయండి, లేకపోతే ఈలోపు ఇంకొకడు పెట్టిన మంచిది ఎగిరిపోతుంది.

జావాలో కాంకరెంట్ హ్యాష్‌మ్యాప్ కంప్యూట్ ఇఫ్ ఆబ్సెంట్ ఒక కీకి ఒకసారే నడుస్తుంది, మంచిదే, కానీ అది నడుస్తున్నంతసేపు అదే బకెట్ లో పడ్డ వేరే కీల అప్‌డేట్లు కూడా ఆగిపోవచ్చు. అరసెకను గీసే పనిని దాంట్లో పెట్టొద్దు, ఫ్యూచర్ ని (తర్వాత వచ్చే జవాబుకి రసీదు లాంటిదాన్ని) పెట్టి అసలు పని బయట చేయండి. ఆ ఫంక్షన్ లోంచి మళ్ళీ అదే మ్యాప్ ని మార్చడం అసలే వద్దు. గో వాళ్ళకి సింగిల్‌ఫ్లైట్ ప్యాకేజీ సరిగ్గా ఇందుకే, ఒకే పనిని ఒక్కళ్ళే చేసేలా, ఉంది. పైథాన్ ఎల్‌ఆర్‌యూ క్యాష్ (చాలాసేపు వాడనిదాన్ని ముందు తీసేసే క్యాష్) డెకరేటర్ థ్రెడ్ల వల్ల చెడిపోదు గానీ, మొదటి కాల్ పూర్తయ్యేలోపు రెండోది వస్తే ఫంక్షన్ రెండుసార్లు నడుస్తుంది.

క్యాష్ లోంచి తీసేసేటప్పుడే అసలు ప్రమాదం

పెట్టడం గురించి అందరూ ఆలోచిస్తారు, తీయడం గురించి ఎవరూ ఆలోచించరు. క్యాష్ నిండింది, పాత బిట్‌మ్యాప్ ని గెంటేసింది, గెంటేటప్పుడు డిస్పోజ్ కూడా చేసింది, మెమరీ మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు అలాగే రాస్తారు. కానీ అదే క్షణంలో ఇంకో థ్రెడ్ ఆ బిట్‌మ్యాప్ ని క్యాష్ లోంచి తీసుకుని రెస్పాన్స్ లోకి రాస్తోంది. ఇంకేముంది, కాళ్ళకింద చాప లాగేసినట్టే. ఆండ్రాయిడ్ వాళ్ళకి "ట్రయింగ్ టు యూజ్ ఎ రీసైకిల్డ్ బిట్‌మ్యాప్" అనే క్రాష్ బాగా తెలిసే ఉంటుంది, ఎల్‌ఆర్‌యూ క్యాష్ నుంచి ఎంట్రీ పోయినప్పుడు రీసైకిల్ పిలిచే కోడ్ రాస్తే వచ్చేది ఇదే.

అందుకే మళ్ళీ అదే చెప్తున్నా, సర్వర్ లో అయితే క్యాష్ లో పీఎన్‌జీ బైట్లు పెట్టండి, బిట్‌మ్యాప్ వద్దు. బైట్లకి డిస్పోజ్ అక్కర్లేదు, వాడేవాళ్ళందరూ వదిలేశాక గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది. సైజు కూడా చూడండి, 1024 బై 1024 బొమ్మ పిక్సెల్ కి 4 బైట్ల చొప్పున 4 ఎంబీ, పీఎన్‌జీ గా మారిస్తే ఐకాన్లు సాధారణంగా దాంట్లో చిన్న వంతే. బిట్‌మ్యాప్ నే ఉంచాలంటే రిఫరెన్స్ కౌంట్ పెట్టండి, తీసుకున్నవాడు ఒకటి పెంచుతాడు, అయిపోయాక ఒకటి తగ్గిస్తాడు, క్యాష్ ది కూడా ఒకటి, సున్నా అయినప్పుడే డిస్పోజ్. ఒకటి గమనించండి, క్యాష్ లోంచి తీయడం, కౌంట్ పెంచడం రెండూ ఒకే లాక్ కింద జరగాలి, లేకపోతే తీసినాక పెంచేలోపు సున్నా అయిపోయి వస్తువు చచ్చిపోవచ్చు.

క్యాష్ పరిమితి ఎంట్రీల లెక్కలో పెట్టకండి, బైట్లలో పెట్టండి. 24 బై 24 ఐకాన్ 2304 బైట్లు, 4000 బై 4000 పోస్టర్ 64 ఎంబీ, రెండూ ఒక్కొక్కటిగా లెక్కేస్తే ఇక పరిమితి ఉన్నట్టా లేనట్టా.

కీ, ఫాంట్లు, ఇంకొన్ని

కీలో ఏం ఉండాలంటే ఫైల్ పేరు కాదు, ఫైల్ బైట్ల హ్యాష్ (బైట్లని బట్టి లెక్కకట్టిన వేలిముద్ర లాంటి సంఖ్య). ముందు బైట్లు చదివి, ఆ బైట్లకే హ్యాష్ కట్టి, ఆ బైట్లనే పార్స్ చేయండి, హ్యాష్ కి ఒకసారి పార్సింగ్ కి ఒకసారి ఫైల్ తెరిస్తే మధ్యలో ఎవరో కొత్త ఫైల్ పెట్టారంటే పాత కీ కింద కొత్త బొమ్మ కూర్చుంటుంది. దాంతోపాటు వెడల్పు, ఎత్తు, రంగులు, లైబ్రరీ వెర్షన్. స్కేల్ ని దశాంశంగా కీలో పెట్టొద్దు, 1.5 కి 1.4999 కి వేరే ఎంట్రీలు పడతాయి, చివరి పిక్సెల్ సైజు పూర్ణాంకంగా పెట్టండి. సైజు బయటి నుంచి వచ్చేదైతే పై హద్దు తప్పనిసరి, ఎవరో 20000 బై 20000 అడిగితే ఒక్క బొమ్మకే 1.6 జీబీ.

ఫాంట్లు ఇంకో మూల. మీ డాక్యుమెంట్లు విడివిడిగానే ఉన్నా కింద ఫాంట్ లైబ్రరీ ఒకటే కావచ్చు. ఫ్రీటైప్ నేరుగా వాడుతుంటే థ్రెడ్ కొక లైబ్రరీ ఆబ్జెక్ట్ పెట్టుకోవడం సులువు, ఒకటే షేర్ చేయాలంటే ఫేస్ (తెరిచిన ఒక ఫాంట్) తెరిచే చోట, మూసే చోట మ్యూటెక్స్ (లాక్ లాంటిదే) పెట్టాలి, ఒక ఫేస్ ని ఒకసారి ఒక థ్రెడ్డే వాడాలి. కుదిరితే టెక్స్ట్ ని డిజైన్ టూల్ లోనే పాత్ లుగా మార్చి ఎక్స్‌పోర్ట్ చేయించండి, లోగోలకి ఎలాగూ అదే మంచిది, ఫాంట్ గొడవే ఉండదు.

గీయడం పూర్తిగా సీపీయూ పని, కోర్లు ఎనిమిది ఉంటే వంద థ్రెడ్లు పెట్టినా వేగం పెరగదు, మెమరీ మాత్రం పెరుగుతుంది. సెమఫోర్ పెట్టి ఒకేసారి కోర్ల సంఖ్యకి మించి గీయకుండా ఆపండి.

టెస్ట్ చేయడం

మామూలు యూనిట్ టెస్ట్ లో ఇవేవీ దొరకవు. నేను చేసేది ఇలా. ముందు ఒకే థ్రెడ్ తో ప్రతి ఐకాన్ ని ప్రతి రంగులో గీసి పిక్సెల్స్ హ్యాష్ రాసి పెట్టుకుంటా, ఇవి నమ్మకమైన జవాబులు. తర్వాత పదహారు థ్రెడ్లు పుట్టించి, బ్యారియర్ దగ్గర అన్నింటినీ నిలబెట్టి, ఒక్కసారిగా వదిలి, ఒకే ఐకాన్ ని వేరే వేరే రంగుల్లో గీయించి, హ్యాష్ లు సరిపోల్చి చూస్తా. బ్యారియర్ లేకపోతే మొదటి థ్రెడ్ పని అయిపోయాక గానీ చివరిది మొదలవ్వదు, ఏమీ తగలదు. ఇంకోటి, ప్రతి రౌండ్ కీ క్యాష్ ఖాళీ చేసి కొత్త డాక్యుమెంట్ తో మొదలుపెట్టాలి, ఎందుకంటే లేజీ పనులు మొదటిసారి గీసేటప్పుడే జరుగుతాయి, వేడెక్కిన క్యాష్ మీద లక్ష రౌండ్లు తిప్పినా పాస్ అయినట్టే కనిపిస్తుంది. నేను మొదట ఆ తప్పే చేసి, టెస్ట్ పాస్ అయిందని సంబరపడి, ప్రొడక్షన్ లో మళ్ళీ దొరికిపోయా.

సీ, సీ ప్లస్ ప్లస్ అయితే థ్రెడ్ శానిటైజర్ (థ్రెడ్ల మధ్య గొడవలు పట్టే టూల్) ఆన్ చేసి ఇదే టెస్ట్ నడపండి, ప్రోగ్రామ్ 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది, మెమరీ 5 నుంచి 10 రెట్లు తింటుంది, అయినా ఏ లైన్ లో ఎవరితో ఎవరు ఢీకొన్నారో చేతిలో పెడుతుంది. గో లో ఇదే పనికి రేస్ డిటెక్టర్ ఫ్లాగ్ ఉంది.

బగ్ వెతకడానికి డ్రా ముందు లాగ్ లైన్ పెడితే మాత్రం బగ్ మాయమైపోవచ్చు, లాగర్ లోపల కూడా ఒక లాక్ ఉంటుంది, దానివల్ల థ్రెడ్లు వరసగా నిలబడిపోతాయి. మాకు అలాగే అయింది, లాగ్ పెట్టి డిప్లాయ్ చేశాక వారం రోజులు ఒక్క నీలం ఐకాన్ కూడా రాలేదు, లాగ్ తీసేసిన సాయంత్రానికే వచ్చేసింది. దాంతో ప్రతి థ్రెడ్ కి సొంత అర్రే ఇచ్చి, దాంట్లో టైమ్, రంగు, డాక్యుమెంట్ ఐడీ నోట్ చేసుకుంటూ పోయి, అన్నీ ఆగిపోయాక కలిపి ప్రింట్ చేశా. మొదటి థ్రెడ్ ఎరుపు పెట్టిన లైన్ కీ డ్రా పిలిచిన లైన్ కీ మధ్యలో రెండో థ్రెడ్ నీలం ఒక లైన్ లో కూర్చుని కనిపించింది, అదీ అదే డాక్యుమెంట్ ఐడీతో.